ముందు ఒడ్డు, ఆ తర్వాతే పడవ

ప్రియమైన రఘూ,

నీ ఉత్తరం చదివి ఎంత సంతోషించానో చెప్పలేను. యాభై దాటాక ఈత నేర్చుకుని, ఇప్పుడు చెల్లెమ్మతో కలిసి అండమాన్‌లో స్కూబా (గాలి సిలిండరు తగిలించుకుని నీళ్లలో మునగడం) చేస్తానంటున్నావు! తప్పకుండా వెళ్లండి. అయితే నీకు మోకాలి నొప్పి, తనకేమో బస్సెక్కితేనే కడుపులో తిప్పు. కాబట్టి డైవింగ్ సంస్థల్లో ఎవరు ఎంత తగ్గించి ఇస్తారన్నది పక్కన పెట్టు. నీళ్లలోకి ఎలా దింపుతారో, మళ్లీ పైకి ఎలా ఎక్కిస్తారో అడుగు.

మొదటి డైవ్‌కు అసలు పడవే వద్దు. 2018లో స్వరాజ్ ద్వీప్‌గా పేరు మారిన హావ్‌లాక్‌లో, రెండో నంబరు బీచ్ దగ్గర నెమో రీఫ్ అనే పగడపు దిబ్బ ఉంది. ఇసుక మీద నడుచుకుంటూ నడుము లోతుకు వెళ్లి, అక్కడే ఫిన్లు (కాళ్లకు తొడిగే రెక్కలు) తొడుక్కోవచ్చు. నిండు సిలిండర్ ఒక్కటే పదిహేను కిలోలకు పైగా తూగుతుంది. దాన్ని వీపున వేసుకుని ఒడ్డు నుంచి నడవకు. సిలిండర్ బిగించే జాకెట్‌లో గాలి నింపి నీళ్ల మీద తేలించి, నువ్వు అక్కడికి వెళ్లాక తగిలించమని ముందే చెప్పు. మొహమాటపడకు, వాళ్లకిది కొత్త కాదు. కాస్త ముందుకు వెళ్తే పువ్వుల్లా కనిపించే ఎనిమోన్ అనే సముద్ర జీవుల మధ్య క్లౌన్ చేపలు కనిపిస్తాయి. వేలెడంత చేప! దాని ఇంటి దగ్గరికి వెళ్తే పారిపోదు సరికదా, నీ మాస్కు అద్దం మీదికే దూసుకొస్తుంది. చెల్లెమ్మ అది చూడాలి.

అయితే వేళ చూసుకోవాలి. పాటు వేళ ఆ ఒడ్డున నీళ్లు చాలా దూరం వెనక్కి పోయి పగడపు రాళ్లు బయటపడతాయి. వాటి మీద నడిస్తే కాళ్లు తెగుతాయి, పగడాలూ చస్తాయి. నిండు పోటుకు కాస్త ముందు దిగడం మేలు. అమావాస్యకు, పౌర్ణమికి పోటుపాట్లు ఉధృతంగా ఉండి ప్రవాహం లాగేస్తుంది. అష్టమి నుంచి రెండు మూడు రోజులు సముద్రం నెమ్మదిస్తుంది. అష్టమి, నవముల్లో ప్రయాణమంటే అమ్మ ఒప్పుకోరని నాకు తెలుసు. సప్తమిలోపే బయలుదేరి, డైవ్ ఆ తిథుల్లో పెట్టుకోండి. నెల విషయానికొస్తే జనవరి నుంచి ఏప్రిల్ మధ్య చూడు. మే రెండో సగంలో నైరుతి గాలి మొదలవుతుంది.

ఒడ్డున ధైర్యం వచ్చాకే పడవ. అక్కడ డుంగీ అనే సన్నటి చెక్క పడవలు ఎక్కువ. ఒడ్డుకు దగ్గరి చోట్లకు పనికొస్తాయి గానీ, అందరూ ఒక పక్కకు చేరితే అటే ఒరుగుతాయి. చాలామందికి వాంతులు పడవ పరిగెత్తేటప్పుడు రావు. లంగరేసి ఆగిన చోట తల వంచి పట్టీలు బిగించుకుంటుంటే వస్తాయి. అందుకే కాస్త ఖర్చెక్కువైనా వెడల్పాటి పడవ, దొరికితే కింద రెండు పొట్టలుండే కాటమరాన్ పడవ తీసుకో. అది పక్కలకు అంతగా ఊగదు. సామగ్రి జెట్టీ దగ్గరే అమర్చుకోండి. చెల్లెమ్మను పడవ నడిమధ్య, డీజిలు పొగ తగలని చోట కూర్చోబెట్టి దిగంతం వైపు చూడమను. మాత్ర ఏదన్నది డాక్టరునే అడగండి. కొన్ని మత్తునిస్తాయి కనుక ఇంట్లో ఒకసారి వేసుకుని చూడాలి.

నిచ్చెన మాత్రం నీ కళ్లతో చూడు. రెండు మూడు మెట్లు నీటిలోకి దిగి ఉండాలి, పడవకు గట్టిగా బిగించి ఉండాలి. వేలాడే నిచ్చెన అలకు లేచి మోకాలి చిప్ప మీదే కొడుతుంది. ఒకామె అలా దెబ్బతిని మెట్టు మీదే కూలబడటం నేను చూశాను. నడుముకు కట్టిన బరువులు, సిలిండరు నీళ్లలోనే విప్పి పైకి అందించి, ఖాళీ ఒంటితో ఎక్కు. పడవలో అత్యవసరానికి వేరే ఆక్సిజన్ సిలిండరు ఉందో లేదో కూడా అడుగు. దాటవేస్తే ఆ పడవ వద్దు.

లైట్‌హౌస్ అనే డైవింగ్ చోటు లాంటి దగ్గరిది మీకు సరిపోతుంది. జానీస్ గార్జ్, డిక్సన్స్ పినకిల్ అని ఊరించినా లొంగకండి, అవి లోతు, దూరం, అనుభవజ్ఞులకే. డైవింగ్ సర్టిఫికెట్ లేని మీరు 12 మీటర్లు దాటకూడదు కూడా.

చివరి డైవ్‌కూ విమానానికీ మధ్య 18 గంటలైనా ఉండాలి, తిరుగు టికెట్ ఆ లెక్కన తీసుకో. తేదీలు అనుకోగానే రాయి, పోటుపాట్ల పట్టిక చూసి ఏ పూట దిగాలో నేను చెబుతాను.

నీ
మురళి