సబ్సిడీ ఆశ చూపి మా డాబాకు చేసిన హీట్ ప్రూఫింగ్ పనిపై ఫిర్యాదు

కొత్తగూడెం,
12 మే 2025

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

విషయం: డాబా హీట్ ప్రూఫింగ్ పనిలో నాసిరకం షీట్లు, లేని సబ్సిడీ, అక్కర్లేని పర్మిషన్ ఖర్చు గురించి.

అయ్యా,

ఫిబ్రవరిలో మీ కంపెనీ వాళ్లు ఎండ వేడి ఇంట్లోకి దిగకుండా మా డాబా మీద హీట్ ప్రూఫింగ్ వేశారు. 900 చదరపు అడుగులు, అడుగుకు 85 రూపాయల చొప్పున 76,500. దానిమీద 18 శాతం జీఎస్టీ 13,770. 'మున్సిపల్ పర్మిషన్ ఖర్చు' అని ఇంకో 6,000. మొత్తం 96,270 రూపాయలు కట్టాను. తర్వాత నాలుగుసార్లు ఫోన్ చేస్తే నాలుగుసార్లూ "టెక్నికల్ టీమ్‌కి చెప్పాం సార్" అన్నారు. ఆ టీమ్ ఇంతవరకు మా మెట్లెక్కలేదు. అందుకే ఈ ఉత్తరం.

ముందు సబ్సిడీ సంగతి. మీ సేల్స్ కుర్రాడు మా వరండాలో కూర్చుని, మజ్జిగ తాగుతూ, ఫోన్లో పీఎం సూర్య ఘర్ పేజీ తెరిచి చూపించాడు. "చూడండంకుల్, కేంద్రం 78 వేల దాకా ఇస్తోంది. మీకు నలభై శాతం ఖాయం, రెండు నెలల్లో అకౌంట్లో పడుతుంది" అన్నాడు. సింగరేణి ఆఫీసులో ముప్పై రెండేళ్లు బిల్లులు చూసినవాణ్ణి, అయినా నమ్మాను. ఆ పథకం ఇంటిమీద సోలార్ ప్యానెళ్లు పెట్టుకునేవాళ్లకి. మొదటి రెండు కిలోవాట్లకు 30 వేల చొప్పున, మూడోదానికి 18 వేలు, అలా 78 వేలు. స్లాబు మీద పరిచే షీట్లకు అందులో ఒక్క రూపాయి లేదు. మా అబ్బాయి వచ్చి చదివి చెప్పేదాకా నేను వారం వారం బ్యాంకుకెళ్లి పాస్‌బుక్ ప్రింట్ వేయించుకుంటూనే ఉన్నాను.

పర్మిషన్ కథా అంతే. "కూల్ రూఫ్ ఇప్పుడు కంపల్సరీ, కాగితాలు మేం చూసుకుంటాం" అన్నారు. కూల్ రూఫ్ అంటే ఎండ వేడి ఇంట్లోకి దిగనివ్వని పైకప్పు. తెలంగాణలో 2023లో వచ్చిన కూల్ రూఫ్ పాలసీ ప్రకారం ఇళ్ల విషయంలో అది 600 గజాలు, ఆపైన స్థలాల్లో కట్టేవాటికే తప్పనిసరి. మాది 150 గజాలు, ఇష్టమైతే వేసుకోవచ్చు. మున్సిపల్ ఆఫీసుకెళ్లి అడిగితే, "ఉన్న స్లాబు మీద ఇది వేసుకోవడానికి పర్మిషన్ ఎవరడిగారు సార్?" అని నన్నే ఎదురడిగారు. నా పేరున దరఖాస్తే లేదట. ఆ 6,000కి మీరు రసీదు కూడా ఇవ్వలేదు.

ఇక అసలు పని. కొటేషన్‌లో '50 ఎంఎం ఎక్స్‌పీఎస్ షీటు, పైన కాంక్రీటు, తెల్ల టైల్స్' అని ఉంది. ఎక్స్‌పీఎస్ అంటే నీళ్లు పీల్చని గట్టి ఫోమ్ షీటు. ఏప్రిల్‌లో గాలివాన కొట్టిన రాత్రి నీళ్లు తూము వైపు పోకుండా పిట్టగోడ వెంబడి నిలిచిపోయాయి. తెల్లారేసరికి పడగ్గదిలో బీరువా మీద చుక్కలు పడుతున్నాయి. ప్లంబరు వచ్చి తూము చుట్టూ రెండు టైల్స్ లేపాడు. కింద షీటు అంచు బయటపడింది. మా మనవడి స్కూలు స్కేలు పెట్టి కొలిచాను. సరిగ్గా 25 ఎంఎం. అదైనా ఎక్స్‌పీఎస్ కాదు, టీవీ అట్టపెట్టెల్లో వచ్చే తెల్ల థర్మోకోల్. గోటితో గీరితే పూసలు పూసలుగా రాలింది. పిండితే నీళ్లు కారాయి. ఒక ముక్క కవర్లో కట్టి దాచాను, స్కేలు పక్కన పెట్టి తీసిన ఫోటోలు దీంతో జతచేస్తున్నాను.

అసలేమీ పనిచేయలేదని అనను. మధ్యాహ్నం హాల్లో వేడి కాస్త తగ్గిన మాట నిజమే. కానీ తడిసిన మూల కింద ఉన్న పడగ్గదిలో రాత్రి పదింటికి కూడా ఫ్యాను వేస్తే వేడిగాలే. మా నాన్నగారి కాలంలో ఎండలు ముదరకముందే డాబాకు సున్నం కొట్టించేవాళ్లు. ఆ లెక్కన చూసుకుంటే ఈ 96 వేలకు నాకు దక్కిందేమిటో మీరే చెప్పాలి.

రసీదు లేని 6,000 వెంటనే తిరిగివ్వండి. కొటేషన్‌లో రాసిన షీటు వేసి, తూముకు వాలు సరిచేసి, కారడం ఆపండి. ఆ పని మీవల్ల కాకపోతే మొత్తం డబ్బు వెనక్కి ఇవ్వండి, నేను వేరేవాళ్లతో చేయించుకుంటాను. సబ్సిడీ లేదని నాకు రాతపూర్వకంగా చెప్పండి. మీ కుర్రాడు మా వీధిలో ఇంకో మూడిళ్లకు ఇదే మాట చెప్పి అడ్వాన్సు తీసుకున్నాడు. వాళ్లకూ ఆ కాగితం చూపిస్తాను.

ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లో జవాబు రాకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి, జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. 5 లక్షల లోపు వాటికి ఫీజు లేదు, వకీలు కూడా అక్కర్లేదు. తీసుకున్న డబ్బుకు బిల్లు ఇవ్వకపోవడం కూడా 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపారమే.

ఇంకో మాట. పని చేసిన మేస్త్రీ మీద నెట్టేయకండి. షీట్లు పల్చగా ఉన్నాయేమని ఆ రోజే అడిగితే, "మాకు పంపింది ఇవే సార్" అని నిజం చెప్పాడు.

ఇట్లు,
ఇంటి యజమాని
(సింగరేణి రిటైర్డ్ ఉద్యోగి)

జత: కొటేషన్ నకలు, 90,270 రూపాయల బిల్లు, 6,000 ఫోన్‌పే చేసిన స్క్రీన్‌షాట్, ఫోటోలు