మినీ డీవీ క్యాసెట్లు పారేయకండి, ముందు కేబుల్ చూడండి

సంపాదకులకు,

ఇరవై ఏళ్ల కిందటి పెళ్లిళ్లు, బారసాలలు, ఓణీల ఫంక్షన్లు చాలా ఇళ్లలో ఇంకా మినీ డీవీ క్యాసెట్లలోనే, అంటే హ్యాండీక్యామ్‌లలో వాడిన చిన్న డిజిటల్ వీడియో టేపుల్లోనే ఉన్నాయి. కంప్యూటర్‌లోకి ఎక్కించబోతే కెమెరా కనబడదు, లేదా బొమ్మ గళ్లు గళ్లుగా వస్తుంది. టేపు పోయిందనుకుని అటకెక్కించేస్తారు. చాలాసార్లు టేపు శుభ్రంగానే ఉంటుంది.

అందరూ చిక్కుకునేది యూఎస్‌బీ దగ్గర. ఆనాటి హ్యాండీక్యామ్‌లలో చాలావాటికి యూఎస్‌బీ ఉన్నది మెమరీ కార్డులోని ఫొటోల కోసం. టేపు మీది వీడియో పూర్తి నాణ్యతతో రావాలంటే పక్కనుండే చిన్న 4 పిన్నుల ఫైర్‌వైర్ (యూఎస్‌బీ లాంటిదే, వేరే రకం కనెక్షన్) సాకెట్ వాడాలి. దాని మీద ‘డీవీ’ అనో, సోనీ అయితే ‘ఐలింక్’ అనో రాసి ఉంటుంది. కంప్యూటర్ వైపు సాధారణంగా 6 పిన్నులు. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే ఫైర్‌వైర్–యూఎస్‌బీ కన్వర్టర్ పిన్నులు డబ్బు దండగ. అవి తీగను తీగకు కలుపుతాయంతే. ఆ రెండింటి సిగ్నల్ పద్ధతులే వేరు. డెస్క్‌టాప్‌కు లోపల బిగించే పీసీఐ ఎక్స్‌ప్రెస్ ఫైర్‌వైర్ కార్డు వేయించుకోవడం మేలు. మాక్ వాడేవారు 2025లో వచ్చిన మాక్‌ఓఎస్ 26కు మారకముందే ఈ పని ముగించుకోవాలి, అందులో ఫైర్‌వైర్ తీసేశారు.

కేబుల్ పెట్టేటప్పుడు కెమెరా, కంప్యూటర్ రెండూ ఆపేసి ఉండాలి. 6 పిన్నుల సాకెట్‌లో 30 వోల్టుల దాకా కరెంటు ఉండొచ్చు. తిరగేసి బలవంతంగా నొక్కితే అది డేటా తీగల్లోకి పారి కెమెరా పోర్టు మాడిపోతుంది. ఆ తర్వాత కెమెరాను వీసీఆర్ లేదా ప్లే మోడ్‌లో, బ్యాటరీ మీద కాకుండా అడాప్టర్ మీద ఆన్ చేయాలి. క్యాసెట్ అంచున ఉన్న చిన్న మీటను ‘సేవ్’ వైపు జరిపి ఉంచితే పొరపాటున దాని మీద రికార్డు కాదు.

అప్పటికీ కెమెరా కనబడకపోతే డ్రైవర్ (ఆ కార్డును నడిపే సాఫ్ట్‌వేర్) చూడాలి. 1394 అంటే ఫైర్‌వైరే; విండోస్ 8 నుంచి పాత ‘1394 లెగసీ’ డ్రైవర్ సిస్టమ్‌తో రావడం లేదు. మైక్రోసాఫ్ట్ నుంచి దించుకుని ఇన్‌స్టాల్ చేశాక, డివైస్ మేనేజర్‌లోకి వెళ్లి కార్డుకు దాన్ని చేత్తో ఎంచుకోవాలి. ఇన్‌స్టాల్ చేసి ఊరుకుంటే మార్పేమీ ఉండదు.

క్యాప్చర్ (టేపును కంప్యూటర్‌లోకి ఎక్కించడం) సరిగ్గా 19 నిమిషాల దగ్గర ఆగిపోతోందా? తప్పు టేపుది కాదు, డిస్కుది. డీవీ వీడియో గంటకు సుమారు 13 జీబీ. ఫ్యాట్32 అనే పాత పద్ధతిలో ఫార్మాట్ చేసిన డిస్కులో ఒక ఫైలు 4 జీబీ దాటదు. అందులోని సరుకంతా వేరేచోటికి కాపీ చేసుకుని ఎన్‌టీఎఫ్‌ఎస్‌కు ఫార్మాట్ చేయాలి. మధ్యమధ్య ఫ్రేములు ఎగిరిపోతుంటే యాంటీవైరస్ స్కాన్, స్లీప్ మోడ్ ఆపండి. సెకనుకు 3.6 ఎంబీ రాయడం పాత హార్డ్ డిస్కుకైనా కష్టం కాదు కానీ, నేరుగా పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించకండి.

ఇక గళ్ల సంగతి. అన్ని క్యాసెట్లకూ గళ్లు వస్తుంటే హెడ్ (కెమెరాలో టేపును చదివే భాగం) మురికి పట్టినట్టు. పొడి క్లీనింగ్ క్యాసెట్ పది సెకన్లు తిప్పితే చాలు, ఎక్కువ తిప్పితే హెడ్ అరిగిపోతుంది. ఒక్క క్యాసెట్‌కే వస్తుంటే అది ఎల్‌పీ మోడ్‌లో తీసిందేమో అడగండి. గంట టేపులో గంటన్నర పట్టించేందుకు అప్పట్లో చాలామంది అలా తీసేవారు. అందులో ట్రాకులు సన్నగా ఉంటాయి కాబట్టి తీసిన కెమెరాలోనే బాగా ఆడుతుంది. అమెరికా నుంచి బంధువులు తెచ్చిన క్యాసెట్లు ఎన్‌టీఎస్‌సీ అనే అక్కడి వీడియో పద్ధతివి, మనది పాల్. మన పాల్ కెమెరాల్లో చాలావాటిలో సరిగా ఆడవు, అక్కడి కెమెరాయే కావాలి.

స్టూడియోకిచ్చేవారు ఏ దారిన ఎక్కిస్తారో ముందే అడగాలి. మూడు రంగుల ఏవీ కేబుల్‌తో లాగితే డిజిటల్ బొమ్మ అనలాగ్‌గా మారి మళ్లీ డిజిటల్ అవుతుంది, ఆ మార్పిడిలో స్పష్టత పోతుంది. చేతికి ఎంపీ4 ఒక్కటే ఇస్తే ఒప్పుకోకండి. అసలు డీవీ ఏవీఐ ఫైళ్లు కూడా హార్డ్ డిస్కులో వేసివ్వమనండి, క్యాసెట్లు వెనక్కి తీసుకోండి.

– ఒక వీడియో ఎడిటర్, విజయవాడ