అద్దాన్ని బ్యాకప్ అని అమ్మారు

శ్రీకాకుళం

వినియోగదారుల సేవా విభాగం మేనేజరు గారికి,

విషయం: మీ హార్డ్ డిస్కుతో వచ్చిన బ్యాకప్ సాఫ్ట్‌వేర్ వల్ల పోయిన కుటుంబ పత్రాల గురించి ఫిర్యాదు.

అయ్యా,

కిందటేడాది మీ 1 టీబీ ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కు కొన్నాను. రశీదు నకలు జతచేశాను. డబ్బా మీద ‘ఆటోమేటిక్ బ్యాకప్’ అని పెద్ద అక్షరాలతో ఉంది. నేను డబ్బులిచ్చింది ఆ రెండు మాటలకే.

మా నాన్నగారు ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో పనిచేసేవారు. అక్కడి నుంచి ఉద్దానంలోని మా ఇంటికి రాసిన కార్డులు, ఇన్‌లాండ్ కవర్లు అమ్మ ట్రంకు పెట్టెలో దాచుకుంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా ఇంటి పెంకులు లేచిపోయి, పెట్టెలోకి నీళ్లు దిగాయి. ఆరబెట్టి, ఒక్కొక్కటే విప్పి స్కాన్ చేయడానికి నాకు ఆరు నెలలు పట్టింది. మడతల దగ్గర పట్టుకుంటే చాలు, పొడిపొడిగా రాలిపోయేవి. చాలా ఉత్తరాలు స్కానరు అద్దం మీద పరిచిన ఆ ఒక్కసారే మళ్లీ పూర్తిగా కనిపించాయి. మొత్తం 612 పేజీలు.

ఈ జూన్‌లో మా అమ్మాయి పెళ్లి వీడియోలకు కంప్యూటర్‌లో చోటు చేస్తూ, పొరపాటున ఆ స్కాన్‌లున్న ఫోల్డర్ తీసేశాను. రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేశాను. తప్పు నాదే, మీరు అడగకముందే ఒప్పుకుంటున్నాను. అప్పటికి నాకు కంగారు కూడా లేదు, డిస్కులో ఉన్నాయి కదా అని. రాత్రి ఎప్పటిలాగే డిస్కు తగిలించాను. పచ్చ టిక్కు వచ్చింది, ‘బ్యాకప్ పూర్తయింది’ అంది. మర్నాడు డిస్కు తెరిస్తే అందులోనూ ఫోల్డర్ లేదు.

మీ కాల్ సెంటర్‌లో అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది. ‘ఇది సింక్ అండీ, కంప్యూటర్‌లో ఎలా ఉంటే డిస్కులోనూ అలాగే ఉంటుంది’ అంది. దాన్ని మేము అద్దం అంటాం. తొలగించిన ఫైళ్లను కొంతకాలం ఉంచే సదుపాయం సెట్టింగ్‌ల మూడో పేజీలో ఉందట, కాకపోతే మీరే దాన్ని ఆపి ఉంచి అమ్ముతారట. విండోస్‌తో ఉచితంగా వచ్చే ఫైల్ హిస్టరీ అనే బ్యాకప్ సైతం, ఒకసారి మొదలుపెడితే, మనం వద్దనేదాకా పాత ప్రతులను దాచి ఉంచుతుంది. డబ్బు పోసి కొన్నది మాత్రం నా పొరపాటును శ్రద్ధగా నకలు తీసి పెట్టింది.

ఏడు రోడ్ల కూడలి దగ్గర కంప్యూటర్లు బాగుచేసే కుర్రాడికి డిస్కు చూపించాను. ఫైలు తీసేసినా దాని చోటులో కొత్తది చేరేదాకా లోపల మిగిలే ఉంటుందని చెప్పాడు. కానీ ఉత్తరాలు చెరిపిన రాత్రే మీ సాఫ్ట్‌వేర్ 40 జీబీ పెళ్లి వీడియోలు అక్కడ కుమ్మరించింది. అతను రెండు రోజులు కూర్చుంటే 187 పేజీలు దొరికాయి, వాటిలోనూ కొన్ని సగమే. 1971 నాటి కార్డు ఒకటి తెరిస్తే పైన ‘చిరంజీవికి ఆశీస్సులు, ఇక్కడ అందరం క్షేమం’ వరకు నాన్నగారి చేతిరాత ఉంది. కింద అంతా బూడిద రంగు పట్టీ.

మా అమ్మ విత్తనాల ధాన్యం కొంత ఇంట్లో, కొంత పుట్టింట్లో ఉంచేది. నాకు ఆపాటి బుద్ధి లేకపోయింది. దొరికిన పేజీలకు ఇంకో నకలు తీసి ఇప్పుడు పలాసలో మా తమ్ముడి దగ్గర పెట్టాను.

డిస్కు ధర, ఆ కుర్రాడికి ఇచ్చిన 3,500 రూపాయలు తిరిగి ఇవ్వండి. తొలగించిన ఫైళ్లను ఉంచే సదుపాయం మొదటి నుంచే పనిచేసేలా మార్చండి. కంప్యూటర్‌లో తీసేస్తే డిస్కులోనూ పోతుందనే మాటను డబ్బా మీద తెలుగులో, ‘ఆటోమేటిక్ బ్యాకప్’ ఎంత పెద్దగా ఉందో అంత పెద్దగా వేయండి.

నెల రోజుల్లో లిఖితపూర్వకంగా జవాబు రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేనుంటున్న ఊళ్లోనే కేసు వేయవచ్చు, ఇంత చిన్న మొత్తానికి రుసుము కూడా ఉండదు. తీరిక ఉన్న రిటైర్డ్ బడిపంతులిని.

డిస్కు పంపమని మాత్రం అడగవద్దు. మిగతా 425 పేజీల కోసం విశాఖపట్నంలో ఇంకొకరికి చూపించాల్సి ఉంది.

ఇట్లు,
మీ కొనుగోలుదారు