రుబార్బ్ మడికి తొలి ఏడాది: తోట సంఘం వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు నమస్కారం.

గత సర్వసభ్య సమావేశపు తీర్మానం ప్రకారం ఉమ్మడి తోటలో కంచె వెంబడి ఖాళీగా ఉన్న స్థలంలో, పుల్లటి కాడల కోసం పెంచే రుబార్బ్ అనే మొక్కకు మడి వేశాం. కంచె మరమ్మతు, నీటి గొట్టాల మార్పు, పనిముట్ల గది సర్దడం అనుకున్న సమయానికే ముగిశాయి కనుక వాటి గురించి వేరే చెప్పవలసింది లేదు. రుబార్బ్ సంగతి అలా కాదు. ఒకసారి కుదురుకుంటే పదేళ్లకు పైబడి ఒకే చోట కాపునిచ్చే మొక్క ఇది. తొలి రెండేళ్లు దాన్ని ఎలా చూసుకున్నామన్న దానిమీదే తర్వాతి కాపంతా ఆధారపడి ఉంటుంది. అందుకే ఈ నివేదికలో ఎక్కువ భాగం దానికే కేటాయిస్తున్నాను.

విత్తనం నాటాలా, వేరుదుంపలు నాటాలా అన్నది కార్యవర్గం ముందుకు వచ్చిన మొదటి ప్రశ్న. విత్తనంతో వచ్చిన మొక్కలు తల్లిమొక్క గుణాన్ని నిలుపుకోవు, ఒక్కొక్కటి ఒక్కో తీరుగా పెరుగుతుంది. పైగా కోతకు మరో ఏడాది ఎక్కువ ఆగాలి. కాబట్టి పాత మొక్కల నుంచి విడదీసిన వేరుదుంపలనే తెచ్చి, ప్రతి ముక్కకూ కనీసం ఒక బలమైన మొగ్గ, దాని కింద మంచి వేరు ఉన్నాయో లేదో చూసి, చలికాలం ముగుస్తూ మొగ్గలు ఇంకా విచ్చుకోకముందే నాటాం.

మడి తయారీకి పట్టిన శ్రమను సభ్యులందరూ చూశారు. కొందరికి అది అతిగా అనిపించిందని కూడా తెలుసు. అయితే మొక్క నాటాక దాని చుట్టూ లోతుగా తవ్వడానికి మళ్లీ ఏళ్ల తరబడి వీలుండదు. నేలలో మిగిలిపోయిన ఏ మొండి కలుపు వేరైనా రుబార్బ్ వేళ్లతో పెనవేసుకుని పోతుంది. అందువల్ల పారలోతున రెండు దఫాలు తవ్వి, కలుపు వేళ్లను చేత్తో ఏరి, బాగా మాగిన పశువుల ఎరువును సమృద్ధిగా కలిపాం. ఈ మొక్కకు కొద్దిపాటి ఆమ్లగుణమున్న నేల, అంటే పీహెచ్ సుమారు 6 నుంచి 6.8 వరకు ఉన్నది, అనుకూలం. మన మట్టి ఆ పరిధిలోనే ఉండటంతో సున్నం వేయవలసిన పని పడలేదు. మొక్కకూ మొక్కకూ 90 సెంటీమీటర్ల ఎడం వదిలాం. నాటిన రోజున ఆ ఖాళీ వృథాగా కనిపించింది గానీ, ఎదిగిన రుబార్బ్ ఆకుల విస్తీర్ణానికి అంత చోటు కావలసిందే.

ఇక జరిగిన నష్టం గురించి దాపరికం లేకుండా చెప్పాలి. మడి చివరి వరుసలోని దుంపలు దాదాపు అన్నీ కుళ్లిపోయాయి. కారణాలు రెండు. నాటే లోతు గురించి సభ్యులకు ఇచ్చిన సూచనల్లో దుంప మట్టిలో ఉండాలని మాత్రమే రాశాను, కొలత రాయలేదు. మొగ్గలు నేలమట్టానికి గానీ, మహా అయితే 2 లేక 3 సెంటీమీటర్ల లోతున గానీ ఉండాలి. ఆ వరుసలో అవి జానెడు లోతుకు వెళ్లిపోయాయి. రెండోది, ఆ కొసన నేల బంకమట్టి కావడంతో వానల తర్వాత రోజుల తరబడి నీరు నిలిచింది. రుబార్బ్ నీటిని కోరుకునే మొక్కే అయినా, నిలవనీటిలో దాని మొదలు శిలీంధ్రాల బారిన పడి గోధుమరంగుకు తిరిగి మెత్తబడుతుంది, ఆ తర్వాత దాన్ని కాపాడే మార్గం లేదు. కుళ్లిన దుంపలను చుట్టూ ఉన్న మట్టితో సహా తీసివేయించాం, ఎరువు గుంటలో వేయనివ్వలేదు. ఆ చోట మళ్లీ రుబార్బ్ నాటకూడదని కార్యవర్గం నిర్ణయించింది. ఎంతో ఆశతో నాటిన సభ్యుల శ్రమ ఇలా పోయినందుకు నిజంగా బాధపడుతున్నాను.

మిగిలిన మొక్కలు బతికి బాగుపడటానికి తొలి వేసవిలో నీళ్లు పెట్టిన సభ్యుల ఓపికే కారణం. పెద్ద ఆకుల నుంచి తేమ త్వరగా ఆవిరైపోతుంది. కొత్త మొక్కకు దాన్ని భర్తీ చేసేంత లోతు వేళ్లు ఇంకా ఉండవు. వాన లేని వారాల్లో నేల మీద 2.5 సెంటీమీటర్ల నీరు నిలిచేంత పరిమాణాన్ని ఒకటి రెండు తడుల్లో నిదానంగా పెట్టించాం. రోజూ పైపైన చల్లితే వేళ్లు పైపొరలోనే తిరుగుతాయి. తేమ ఆరిపోకుండా మొక్క చుట్టూ ఎండుగడ్డి, ఆకుల ఎరువు పరిచాం గానీ, మొగ్గల మీద మాత్రం ఏదీ కప్పనివ్వలేదు.

వేసవి నడిమికి కాడలు ఎర్రగా, బొటనవేలంత లావున కనిపించాయి. కోసుకోవచ్చా అని చాలామంది అడిగారు, కార్యవర్గం వద్దన్నది. ఈ నిర్ణయంపై కొంత అసంతృప్తి వ్యక్తమైంది కనుక కారణాన్ని ఇక్కడ రాస్తున్నాను. తొలి ఏడాది ప్రతి ఆకూ ఎండ నుంచి తయారుచేసిన ఆహారాన్ని కిందికి పంపి దుంపలో నిల్వ చేస్తుంది. మరుసటి వసంతంలో మొక్క లేచేది ఆ నిల్వతోనే. ఒక్క కాడ తీసినా నిల్వలో అంత కోత పడుతుంది. రెండో ఏడాది బలంగా ఉన్న మొక్కల నుంచి మాత్రమే, కొద్ది రోజుల పాటు, నాలుగైదు కాడలు తీసుకోవచ్చు. మూడో ఏడాది నుంచి ఎనిమిది వారాల వరకు కోత సాగించవచ్చు, అప్పుడైనా ఒక విడతలో సగానికి మించి తీయరాదు. కాడను కత్తితో కోయకుండా, మొదట్లో పట్టుకుని మెల్లగా మెలితిప్పి లాగాలి, ఎందుకంటే కోస్తే మిగిలే మొండి నుంచి కుళ్లు మొదలవుతుంది. కొన్ని మొక్కలు లావుపాటి పూల కాండం వేశాయి. గింజ కోసం బలమంతా అటు పోకుండా వాటిని కనిపించిన వెంటనే మొదలంటా తీయించాం.

రుబార్బ్‌లో తినదగింది కాడ మాత్రమే. ఆకుల్లో ఆక్సాలిక్ ఆమ్లం హానికరమైన మోతాదులో ఉంటుంది. తోటకు పిల్లలు వస్తారు కాబట్టి మడి దగ్గర ఈ సంగతి తెలిపే బోర్డు పెట్టాం. ఆకులను ఎరువు గుంటలో వేయడానికి అభ్యంతరం లేదు, కుళ్లే క్రమంలో ఆ ఆమ్లం విచ్ఛిన్నమైపోతుంది.

చలి మొదలయ్యాక ఆకులన్నీ పసుపుబారి నేలకు వాలిపోవడంతో మొక్కలు చచ్చిపోయాయని ఆందోళన చెందిన సభ్యులకు ఒక మనవి: అవి నిద్రలోకి వెళ్లాయి. ఆ నిద్ర వీడి బలంగా చిగురించడానికి సుమారు 5 డిగ్రీల సెల్సియస్‌కు లోబడిన చలి కొన్ని వారాలు తగలాలి, కనుక మొగ్గలను చలి నుంచి కాపాడే ఉద్దేశంతో మందంగా కప్పవద్దు. వాలిన ఆకులను మాత్రం నత్తలు చేరకుండా తీసివేశాం.

వచ్చే ఏడాది పోయిన దుంపల స్థానంలో కొత్తవాటిని మడి రెండో కొసన, మట్టి పోసి ఎత్తు చేసిన చోట నాటుతాం. నాటే లోతును కొలత గుర్తులున్న పుల్లతో ప్రతి గుంటలోనూ సరిచూడాలి. మొక్కలపై తొట్టి బోర్లించి చీకట్లో లేత కాడలు పెంచుదామన్న ప్రతిపాదన బాగుంది గానీ, అది దుంపను బాగా అలసిపోయేలా చేస్తుంది కాబట్టి మూడో ఏడాది వరకు వాయిదా వేశాం. వేసవి తడుల వంతుకు పేర్లు ఇవ్వదలచినవారు వసంతానికి ముందు జరిగే సమావేశంలో తెలియజేయవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
కార్యదర్శి