మొదటి షరతు ఏమైంది? ఆఫ్రికన్ యూనియన్ కమిషన్ అధ్యక్షుడికి బహిరంగ లేఖ

అధ్యక్షుల వారికి నమస్కారం.

1963 జనవరి 13. టోగో రాజధాని లోమేలో చీకటి ఉండగానే సైనికులు అధ్యక్షుడు సిల్వానస్ ఒలింపియో ఇంటి మీద పడ్డారు. ఆయన గోడ దూకి, పక్కనే ఉన్న అమెరికా ఎంబసీ ఆవరణలో ఆగి ఉన్న కారులో దాక్కున్నాడు. తెల్లారేసరికి ఆ ఎంబసీ గేటు దగ్గరే శవమై పడి ఉన్నాడు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చి అప్పటికి మూడేళ్లు కూడా నిండలేదు.

ఒలింపియో మచ్చలేని మనిషేమీ కాదు. ప్రతిపక్షాన్ని ఎన్నికల్లో నిలబడనివ్వలేదు, ఎదురు తిరిగినవాళ్లను జైల్లో పెట్టాడు. కానీ ఆయన మీదికి వచ్చినవాళ్లది ఉద్యోగాల గొడవ. ఫ్రెంచి సైన్యంలో పనిచేసి తిరిగొచ్చిన తమను టోగో సైన్యంలో చేర్చుకోమన్నారు, ఆయన కుదరదన్నాడు.

ఆ తర్వాత జరిగినదే నా చేత ఈ ఉత్తరం రాయిస్తోంది. సైనికులు ఒలింపియో రాజకీయ ప్రత్యర్థి నికొలాస్ గ్రునిట్‌స్కీని గద్దె మీద కూర్చోబెట్టారు. టాంగన్యికా (ఇప్పటి టాంజానియాలో భాగం) నేత జూలియస్ నైరేరే ఆ ప్రభుత్వాన్ని గుర్తించడానికి రెండు షరతులు పెడుతూ ఐక్యరాజ్యసమితికి రాశాడు. హత్యలో ఆ ప్రభుత్వానికి చెయ్యి లేదని తేలాలి. ప్రజలు ఎన్నుకున్న ప్రభుత్వం రావాలి. ఆ వరస చూడండి, హత్య సంగతి ముందు, ఎన్నిక సంగతి తర్వాత. మే నెలలో అడిస్ అబాబాలో, మీ యూనియన్‌కు ముందున్న ఆఫ్రికా ఐక్యతా సంస్థ పుట్టినప్పుడు టోగోకు కుర్చీ వెయ్యలేదు. రాజకీయ హత్యలను ఖండిస్తున్నామని చార్టర్ మూడో అధికరణంలోనే రాసుకున్నారు.

ఆ పట్టుదల కొద్ది నెలలే. గ్రునిట్‌స్కీ ఒకే జాబితాతో ఎన్నిక జరిపించాడు, రెండో షరతు తీరినట్టే లెక్క కట్టారు. మొదటిది అటకెక్కింది. హత్యకు ఎవరికీ శిక్ష పడలేదు. కాల్చింది నేనేనని అప్పట్లో చెప్పుకుని, తర్వాత కాదన్న సైనికుడు ఎయదేమా, 1967లో సరిగ్గా అదే జనవరి 13న గ్రునిట్‌స్కీని దించేశాడు. ఆ ఏడాదే అధ్యక్షుడై 2005లో చనిపోయేదాకా దిగలేదు. 2000లో సైనిక కుట్రలకు వ్యతిరేకంగా మీ పాత సంస్థ చేసిన ప్రకటనకు లోమే పేరే ఉంది. ఆ సభకు ఆతిథ్యం ఇచ్చింది కూడా ఎయదేమాయే! నవ్వాలో ఏడవాలో తెలియదు.

ఇప్పటికీ మీ పద్ధతి అదే. కుట్ర జరిగితే సభ్యత్వం ఆపుతారు, ఎన్నిక కాగానే లోపలికి రానిస్తారు. గాబన్‌లో 2023 ఆగస్టులో అధికారం లాక్కున్న సైన్యాధికారి 2025 ఏప్రిల్‌లో గెలిచాడు, ఆ నెలాఖరుకే ఆంక్షలు ఎత్తేశారు. అక్కడ అధ్యక్షుణ్ణి చంపలేదు, నిజమే. అయితే కుట్ర చేసినవాళ్లు అలాంటి ఎన్నికలో నిలబడకూడదని ప్రజాస్వామ్యం, ఎన్నికల మీద మీరు చేసుకున్న 2007 చార్టర్ చెబుతోంది కదా?

నేను అడిగేది చిన్నదే. పాలకుణ్ణి చంపి ఏర్పడిన ప్రభుత్వం మళ్లీ సభ్యత్వం అడిగితే, విచారణ ఎంతవరకు వచ్చిందో ముందు దాని చేత రాతపూర్వకంగా చెప్పించండి. ఎన్నిక ఫలితాలు ఆ కాగితం తర్వాతే చూడండి.

లోమే ఫైలుతోనే మొదలుపెట్టవచ్చు. ఒలింపియోను సరిహద్దు అవతల, ఇప్పటి బెనిన్‌లోని అగూవేలో పూడ్చారు. టోగోను ఇప్పుడు ఏలుతున్నది ఎయదేమా కొడుకే కాబట్టి, అడగడానికి మీకు కాస్త ఇబ్బందే.

ఇట్లు,
ఒక చరిత్ర పాఠకుడు