రెండోసారి ఓడేదాకా పిల్లల్ని ఇంటికి పంపొద్దు

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ పేపర్ హైదరాబాద్ ఎడిషన్‌లో స్పోర్ట్స్ పేజీ కింద మూలకి స్కూల్, కాలేజీ గేమ్స్ రిజల్ట్స్ వేస్తారు కదండీ, పొద్దున్నే పేపర్ రాగానే నేను ముందు చూసేది అదే. ముప్పై ఏళ్లు పీఈటీగా చేసి రిటైరయ్యాను, పిల్లలకి ఎక్కువగా నేర్పింది బేస్‌బాల్, దానిలాంటిదే సాఫ్ట్‌బాల్. ఆ మూలలో ఫస్ట్ రౌండ్‌లో ఓడిపోయిన టీమ్ పేరు ఒక్కసారి కనిపిస్తుంది, మళ్లీ ఏడాది దాకా కనిపించదు. ఈ లెటర్ దాని గురించే.

రిటైరయ్యే ముందు సంవత్సరం మా ఆడపిల్లల సాఫ్ట్‌బాల్ టీమ్‌ని సిటీలోనే ఒక టోర్నమెంట్‌కి తీసుకెళ్లా. ఐదింటికల్లా పిల్లలు స్కూల్ గేటు దగ్గర ఉన్నారు, జడలు బిగించి వేసుకుని, బాక్సుల్లో పులిహోర పెట్టుకుని. తొమ్మిది మందికి ఆరు గ్లౌజులే ఉన్నాయి, అవతలి టీమ్‌కి అవి కూడా లేవు, అందుకని ఇన్నింగ్స్ మారినప్పుడల్లా మా పిల్లలు గ్లౌజులు తీసి నేల మీద పెడితే వాళ్లు వచ్చి అవే వేసుకుని ఆడారు. మూడు నెలలు ప్రాక్టీస్ చేసిన మ్యాచ్ గంటంబావులో అయిపోయింది, ఒక్క రన్ తేడాతో ఓడిపోయాం. లాస్ట్‌లో మా కేచర్ పాప, అంటే బ్యాటర్ వెనక కూర్చుని బాల్ పట్టే పాప, చేతిలోంచి బాల్ జారింది, అంతే. టైమ్ చూస్తే పదకొండు కూడా కాలేదు. ఆ పాప మాస్క్ తీసి చేతిలో పట్టుకుని "సార్, రేపు మనకి మ్యాచ్ లేదా" అని అడిగింది, లేదమ్మా అన్నా. బాక్సుల మూత కూడా తియ్యకుండానే బస్సెక్కాం. మరుసటేడు ఆ పిల్ల గ్రౌండుకి రాలేదు, ట్యూషన్ పెట్టించామని వాళ్లమ్మ చెప్పింది.

ఇప్పుడు 2008లో జరిగిన సంగతి చెప్తా. మా మేనల్లుడు అప్పుడు అమెరికాలో ఫ్రెస్నోలో ఎమ్మెస్ చదువుతున్నాడు. కాలిఫోర్నియా మధ్యలో ఉండే ఊరు అది, చుట్టూ ద్రాక్ష తోటలు, కిస్మిస్‌కి పేరు, ఎండలు కూడా మన మే నెలలో కాసినట్టే కాస్తాయి. వాళ్ల యూనివర్సిటీ బేస్‌బాల్ టీమ్ ఫ్రెస్నో స్టేట్ బుల్‌డాగ్స్. ఆ సీజన్ మొదట్లో గెలిచినవాటికంటే ఓడినవే ఎక్కువ, పైగా వాళ్ల మెయిన్ పిచ్చర్, అంటే బాల్ విసిరేవాడు, టానర్ షెప్పర్స్‌కి భుజం దెబ్బతిని అసలైన టోర్నమెంట్‌లో ఆడలేకపోయాడు. అక్కడ కాలేజీ చాంపియన్‌షిప్‌కి 64 టీములు వస్తాయి, వాటిని 16 ఊళ్లలో నాలుగేసి చొప్పున పెట్టి, ప్రతి నాలుగింటికీ ఒకటి నుంచి నాలుగు దాకా ర్యాంక్ ఇస్తారు. ఫ్రెస్నోకి నాలుగు ఇచ్చారు, అంటే ఆ గ్రూపులో అందరికంటే కింద.

ఆ నాలుగో ర్యాంక్ టీమ్ ఏం చేసిందో చూడండి. ఆ నాలుగు టీముల రౌండ్‌ని రీజినల్స్ అంటారు, అందులో రెండుసార్లు ఓడితేనే అవుట్. లాంగ్ బీచ్‌లో జరిగిన రీజినల్స్‌లో ఫ్రెస్నో ఒకటి ఓడింది, అయినా గెలిచి పై రౌండ్‌కి వెళ్లింది. తర్వాతి రౌండ్ సూపర్ రీజినల్స్‌లో అరిజోనా స్టేట్ మీద మొదటి మ్యాచే ఓడింది, అక్కడ మూడు మ్యాచుల్లో రెండు గెలిస్తే చాలు కాబట్టి తర్వాతి రెండూ గెలిచి ఒమాహా చేరింది. ఒమాహా అంటే వాళ్లకి కాలేజీ బేస్‌బాల్‌కి ఇంకో పేరు, 1950 నుంచీ ఫైనల్ టోర్నమెంట్ ఆ ఊళ్లోనే. అప్పట్లో జూ పక్కనున్న రోజెన్‌బ్లాట్ స్టేడియంలో ఆడేవాళ్లు. అక్కడా రెండుసార్లు ఓడితేనే అవుట్, నార్త్ కరోలినా చేతిలో ఒకటి ఓడారు, మళ్లీ వాళ్లనే 6-1తో కొట్టి ఫైనల్‌కి వచ్చారు. ఫైనల్‌లో కూడా మూడింటిలో రెండు గెలవాలి, జార్జియా మీద మొదటి మ్యాచ్ 7-6తో పోయింది, అదీ ఒక్క రన్నే, మా పిల్లల మ్యాచ్ లాగానే. రెండో రోజు వాళ్ల బ్యాట్లకి అడ్డే లేదు, 19-10.

మూడో మ్యాచ్ మనకి జూన్ 26 తెల్లవారుజామున వచ్చింది. మా మేనల్లుడు ఫోన్‌లో ఒక్కో ఇన్నింగ్స్ అయ్యాక చెప్తుంటే నేను వరండాలో కూర్చుని ఒక నోట్‌బుక్‌లో రాసుకున్నా, ఆ పేజీ ఇప్పటికీ ఉంది నా దగ్గర. స్టీవ్ డెట్‌వైలర్ అనే కుర్రాడు, బొటనవేలి లిగమెంట్ చిరిగి ఉంది, ఆ చేత్తోనే బ్యాట్ పట్టి రెండు హోమ్‌రన్లు కొట్టాడు, టీమ్ చేసిన ఆరు రన్లూ అతని బ్యాట్ మీదే వచ్చాయి, చివరి క్యాచ్ కూడా రైట్ ఫీల్డ్‌లో అతనే పట్టాడు. జస్టిన్ విల్సన్ బౌలింగ్, అదే పిచ్చింగ్, ఎనిమిది ఇన్నింగ్స్ వేశాడు. 6-1. కోచ్ మైక్ బేటసోల్, బెస్ట్ ప్లేయర్ అవార్డు థర్డ్ బేస్‌లో ఆడిన టామీ మెండోంకాకి. అప్పటిదాకా నాలుగో ర్యాంక్‌తో మొదలుపెట్టిన టీమ్ ఏదీ చాంపియన్ కాలేదు. ఫ్రెస్నోలో జనం అండర్‌డాగ్స్ కాదు వండర్‌డాగ్స్ అని టీషర్టులు వేసుకుని తిరిగారంట.

నేను చెప్పాలనుకున్నది ఇక్కడుందండి. ఆ సీజన్ మొత్తంలో వాళ్ల రికార్డు 47 గెలుపులు, 31 ఓటములు. చాంపియన్ టీమ్ ముప్పై ఒక్కసారి ఓడింది. ఓడితే ఇంటికే అన్న మ్యాచులు ఆరు ఆడి ఆరూ గెలిచారు. అదే మన నాకౌట్ పద్ధతి అయ్యుంటే ఒమాహా చేరకముందే బ్యాగులు సర్దుకునేవాళ్లు, డెట్‌వైలర్ పేరు మా మేనల్లుడికి కూడా తెలిసేది కాదు.

మన దగ్గర చాలాచోట్ల మొదటి రౌండ్ల నుంచీ నాకౌట్, చివర నాలుగు టీములు మిగిలాక లీగ్. అంటే ఎక్కువ మ్యాచులు ఆడే ఛాన్స్ అప్పటికే బాగా ఆడుతున్న వాళ్లకే, నేర్చుకోవాల్సిన వాళ్లకి ఒకటే మ్యాచ్. ఇది అడిగితే గ్రౌండ్ లేదు, అంపైర్లు లేరు, టీఏ డీఏ ఎవరిస్తారు అంటారు. అవన్నీ నిజమైన కష్టాలే, నేనూ పడ్డా. కానీ లెక్క వేసి చూడండి, నాలుగు టీములకి నాకౌట్ అయితే మూడు మ్యాచులు, రెండుసార్లు ఓడితేనే అవుట్ అనే పద్ధతిలో ఆరు, మహా అయితే ఏడు. సాఫ్ట్‌బాల్ ఏడు ఇన్నింగ్స్‌లే కాబట్టి ఒకటే గ్రౌండ్ మీద రెండు రోజుల్లో పూర్తవుతుంది. మొదటి మ్యాచులు ఓడిన రెండు టీములూ ఒకదానితో ఒకటి ఆడతాయి, అందులో ఓడిన టీమ్ ఇంటికి, గెలిచిన టీమ్ మళ్లీ పైకి ఎక్కుతుంది. లీగ్‌కైనా ఆరే కదా అంటారేమో, లీగ్‌లో చివరి రోజుకి ఎవరికీ పట్టని మ్యాచులుంటాయి, రన్ల తేడా లెక్కలతో గొడవలుంటాయి, ఇందులో ప్రతి మ్యాచ్‌కీ అర్థం ఉంటుంది. పోనీ ఇది మగపిల్లల బేస్‌బాల్‌కే అనుకోకండి, అదే ఫ్రెస్నో యూనివర్సిటీ అమ్మాయిలు 1998లో సాఫ్ట్‌బాల్ చాంపియన్లు.

అందుకని మీకు నా రిక్వెస్ట్, ఈసారి స్కూల్ గేమ్స్, ఇంటర్ కాలేజీ షెడ్యూల్ మీకు పంపినప్పుడు ప్రింట్ చేసే ముందు మీ రిపోర్టర్ ఒక్క ప్రశ్న అడగాలి, ఒక్కో టీమ్‌కి గ్యారంటీగా ఎన్ని మ్యాచులు అని. ఆ నంబర్ కూడా రిజల్ట్ పక్కన వెయ్యండి. మీరు అడిగితే వాళ్లు ఆలోచిస్తారు, నాలాంటి వాడు అడిగితే వచ్చే ఏడు చూద్దాం మాస్టారూ అంటారు.

సిటీలో ఏ స్కూల్, ఏ కాలేజీ ఈ పద్ధతిలో టోర్నమెంట్ పెట్టాలన్నా డ్రా షీట్ నేనే గీసిస్తా, ఒక తెల్లకాగితం చాలు. గ్రౌండుకి వచ్చి రెండు రోజులూ స్కోర్ రాస్తా, నా దగ్గర మిగిలిన నాలుగు గ్లౌజులు కూడా తెస్తా.

ఇట్లు,
ఒక రిటైర్డ్ పీఈటీ,
ఉప్పల్, హైదరాబాద్