నీ సుందరి నాలుగు అధ్యాయాల్లో లేదురా

ఒరేయ్ మూర్తీ,

నీ నవల ఫైలు అందింది. రాత్రి పదింటికి తెరిస్తే మూసేసరికి ఒంటిగంట అయింది. చదువుతూ మైమరచిపోయాననుకునేవు, మూడో అధ్యాయం కూడా పూర్తి కాలేదు. మిగతా టైమంతా నీ స్పేసులు లెక్కపెట్టడానికే సరిపోయింది.

వర్డ్‌లో ఆ ఫైలు తెరిచి కంట్రోల్, షిఫ్ట్, 8 కలిపి నొక్కు. పేజీ నిండా చీమలబారులా చుక్కలొస్తాయి. ఒక్కో చుక్క నువ్వు కొట్టిన ఒక్కో స్పేసు. పీ అక్షరాన్ని తిరగేసినట్టు కనపడేది ఎంటరు. రెండో అధ్యాయం శీర్షికకి ముందు అవి పంతొమ్మిది ఉన్నాయి. కొత్త అధ్యాయం కొత్త పేజీలో మొదలవ్వాలని పంతొమ్మిది సార్లు ఎంటర్ కొట్టుకుంటూ వెళ్ళావన్నమాట! మొదటి అధ్యాయంలో ఒక పేరా తీసేసి చూశాను (మళ్ళీ పెట్టేశాలే, కంగారుపడకు), రెండో అధ్యాయం శీర్షిక ఎగిరొచ్చి మొదటి అధ్యాయం చివరి పేజీ అడుగున కూర్చుంది. ఆ పంతొమ్మిదీ తీసేసి కంట్రోల్ ఎంటర్ ఒక్కసారి కొట్టు, చాలు. పైన ఎన్ని పేరాలు చేర్చినా తీసినా ఆ అధ్యాయం కొత్త పేజీలోనే ఉంటుంది.

నిన్ను వెక్కిరించడానికి కాదు, పోయినేడు నా కథల పుస్తకానికి నేనూ ఇదే చేశాను. కథ పేర్లన్నీ ఒక్కొక్కటీ సెలెక్ట్ చేసి, సైజు పెంచి, బోల్డ్ చేసి, పేజీ మధ్యకి జరిపాను. పద్నాలుగు కథలు, పద్నాలుగు సార్లు. ప్రెస్సులో డీటీపీ చేసే అబ్బాయి ఫోన్ చేసి "సార్, కథకో సైజు ఉంది, ఏది ఉంచమంటారు?" అన్నాడు. అప్పుడు చూస్తే ఒకటి 18, ఒకటి 20, ఇంకోటి ఎందుకో 19.5. అన్నీ నా చేత్తో చేసినవే, ఎవర్ని తిట్టాలి?

అందుకే చెప్తున్నా, అక్షరం ఎలా కనపడాలో తర్వాత చూసుకో, అది ఏమిటో ముందు చెప్పు. ఇది అధ్యాయం పేరు, ఇది మామూలు పేరా, ఇది నీ నాయిక సుందరి రాసిన ఉత్తరం, అని. హోమ్‌లో పైన స్టైల్స్ వరుస ఉంటుంది కదా, మనమెప్పుడూ దాని మొహం చూడం. అధ్యాయం పేరు మీద కర్సర్ పెట్టి హెడింగ్ 1 నొక్కు. నీలం రంగులో వికారంగా వస్తుంది, రానీ. అన్నిటికీ అలాగే పెట్టేసి, చివర్లో హెడింగ్ 1 మీద రైట్ క్లిక్ చేసి మాడిఫైలో ఒక్కసారి మారిస్తే ఇరవైరెండు అధ్యాయాలూ ఒకేసారి మారతాయి. విషయసూచిక కూడా దానంతటదే తయారవుతుంది. నువ్వు చుక్కలు పెట్టుకుంటూ చేత్తో కట్టిన విషయసూచికలో ఆరో అధ్యాయం పేజీ నంబరు ఐదోదానికంటే తక్కువుంది, చూసుకున్నావా? అదీకాక ప్రెస్సువాళ్ళు దీన్ని పుస్తకం పేజీలు కట్టే ఇన్‌డిజైన్‌లోకి తీసుకుంటే నీ స్టైల్స్ పేర్లతో సహా అందులోకి వెళ్తాయి. నీ స్పేసులూ వెళ్తాయనుకో, అవి ఏరడానికి ఆ అబ్బాయికి ఒక రోజు.

పేరా మొదట్లో ఐదు స్పేసులు కొట్టావే, వాటికీ ఇదే వైద్యం. నార్మల్ స్టైల్లో ఫస్ట్ లైన్ ఇండెంట్ పెట్టుకుని స్పేసులన్నీ ఫైండ్ అండ్ రీప్లేస్‌లో తీసెయ్. రెండు స్పేసులు వెతికి ఒకటి పెట్టమను, ఇక దొరకలేదనేదాకా మళ్ళీ మళ్ళీ కొట్టు. పేరా మొదట్లో చివరికి ఒక్కో స్పేసు మిగులుతుంది, అదీ పోవాలంటే ^p పక్కన ఒక స్పేసు కొట్టి వెతికి, ఉత్త ^p పెట్టమను (ఫైండ్‌లో ^p అంటే ఎంటరు).

ఇప్పుడు తెలుగుకి మాత్రమే ఉన్న తంటా చెప్తా, ఇంగ్లీషులో రాసేవాళ్ళకి ఇది చచ్చినా తెలీదు. నార్మల్ స్టైల్లో సైజు 13 చేస్తావు, తెలుగు ససేమిరా కదలదు, మధ్యలో ఉన్న ఇంగ్లీషు ముక్కలు, అంకెలు మాత్రం పెరుగుతాయి. నేను దీంతో ఒక ఆదివారం మొత్తం కుస్తీ పట్టాను. సంగతేమిటంటే వర్డ్ లెక్కలో తెలుగు కాంప్లెక్స్ స్క్రిప్ట్. భాషల్లో తెలుగు చేర్చుకుని ఉంటే ఫాంట్ పెట్టెలో లాటిన్‌కి ఒక గడి, కాంప్లెక్స్ స్క్రిప్ట్స్‌కి ఇంకో గడి ఉంటాయి. మన ఫాంటూ సైజూ ఆ రెండో గడిలో మార్చాలి. అంతే. అంతే అని ఇప్పుడు అంటున్నాను కానీ ఆ ఆదివారం మా ఆవిడనడుగు.

ఫాంట్ మండలి పెట్టావు, బాగుంది, కంటికి హాయిగా ఉంటుంది. కానీ మండలిలో బోల్డ్ విడిగా లేదు. నువ్వు బోల్డ్ నొక్కితే వర్డ్ ఉన్న అక్షరాన్నే కాస్త ఉబ్బించి చూపిస్తుంది, కాగితం మీద సిరా పాకినట్టుంటుంది. అధ్యాయం పేర్లకి రామరాజ లాంటి లావు ఫాంట్ వేరే పెట్టుకో, ఉచితమే. ఇటాలిక్ మాత్రం వద్దు. తెలుగు అక్షరాన్ని పక్కకి వంచితే తాగొచ్చినట్టుంటుందని నా అభిప్రాయం, నువ్వు ఒప్పుకోకపోయినా సరే. లైన్ స్పేసింగ్‌లో ఎగ్జాక్ట్‌లీ అని పెట్టి తక్కువ అంకె ఇచ్చావు, అందుకే మూడో పేజీలో 'రాష్ట్రం' కింద వత్తులు తెగిపోయాయి. మల్టిపుల్ అని మార్చి, రాష్ట్రం, స్త్రీ, కైలాసం ఈ మూడు మాటలూ ఒకదాని కింద ఒకటి కొట్టి చూసుకో. అవి తెగకుండా ఉంటే ఇంకేదీ తెగదు.

ఇక అసలు సంగతి. నీ నాయిక పేరు వెతికాను. సుందరి ఐదో అధ్యాయంలో గానీ మొదటిసారి దొరకలేదు! అదేంటి, మొదటి వాక్యమే సుందరి మీద కదా అని బుర్ర గోక్కున్నాను. ఆ మొదటి నాలుగు అధ్యాయాలూ అప్పుడెప్పుడో అను ఫాంట్‌లో టైప్ చేయించావని చెప్పావు కదా. పుస్తకం పేజీలు కట్టడానికి అప్పట్లో వాడిన పాత పేజ్‌మేకర్‌కి యూనికోడ్ (ప్రతి భాష అక్షరానికీ సొంత నంబరిచ్చే పద్ధతి) తెలీదు. అందుకని ఆ రోజుల్లో ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు బొమ్మలు కూర్చిన ఫాంట్లు వాడేవాళ్ళు, ఫాంట్ మారిస్తే అంతా పిచ్చిగీతలే. దాన్ని కన్వర్టర్‌లో వేసి యూనికోడ్ చేశావు, మంచి పనే, కానీ సున్నా (అనుస్వారం) ఉండాల్సిన చోట తెలుగు అంకె సున్న వచ్చి కూర్చుంది. 'సు౦దరి', 'సుందరి'. కంటికి రెండూ ఒకటే, కంప్యూటర్‌కి మాత్రం ఇద్దరు వేరువేరు ఆడవాళ్ళు. నీ ఫైల్లోంచే ఆ సున్న ఒకటి కాపీ చేసి ఫైండ్‌లో పెట్టు, రీప్లేస్‌లో అసలు సున్నా కొట్టు, అన్నీ మార్చు. నువ్వు సంవత్సరాలు 1978 అని మామూలు అంకెల్లోనే రాశావు కాబట్టి భయం లేదు. ఆ తర్వాత ఆ నాలుగు అధ్యాయాలూ మాట మాటా చదవాల్సిందే, ర వత్తులు రెండు మూడు చోట్ల పక్కింటి అక్షరానికి వెళ్ళిపోయాయి.

ఇంకోటి, 'సాఫ్ట్‌వేర్' నీ దగ్గర 'సాఫ్ట్వేర్' అయింది, ట కింద వ వత్తు వేలాడుతోంది. ట్ తర్వాత 200సీ అని కొట్టి (సీ ఇంగ్లీషుది), వెంటనే ఆల్ట్ ఎక్స్ నొక్కు, కనపడని అక్షరం ఒకటి మధ్యలోకొచ్చి రెంటినీ విడదీస్తుంది.

పేజీ నంబర్ల గురించి ఎక్కువ చెప్పను. ముందుమాట అయ్యాక సెక్షన్ బ్రేక్ పెట్టి, లింక్ టు ప్రీవియస్ తీసేసి, కథ దగ్గర 1 నుంచి మొదలెట్టు.

కానీ వీటన్నిటికంటే ముందు పేజీ సైజు మార్చు. నువ్వు ఏ4లో టైప్ చేసి 118 పేజీలొచ్చాయని మురిసిపోతున్నావు. మన నవలలు వేసేది డెమ్మీ 1/8లో, అంటే 5.5 అంగుళాల వెడల్పు, 8.5 పొడవు. నీ ఫైలుకి ఒక కాపీ తీసి ఆ సైజులో పెట్టి చూశాను, కాపీరైటు పేజీ, ముందుమాట అన్నీ కలిపి 243 వచ్చాయి. ప్రెస్సులో ఫారానికి 16 పేజీల లెక్క. 240 అయితే సరిగ్గా పదిహేను ఫారాలు. నీ మూడు పేజీల కోసం పదహారో ఫారం ఎక్కించాలి, దాంట్లో పదమూడు తెల్ల పేజీలు. మార్జిన్లు పిండి మూడు పేజీలు మిగల్చొచ్చు కానీ అప్పుడు బైండింగ్ దగ్గర అక్షరాలు లోపలికి పోయి, పుస్తకం విరగదీసి చదవాల్సొస్తుంది.

ఆ మూడు పేజీలు ఎక్కడున్నాయో నాకు తెలుసు. రెండో అధ్యాయంలో రైలు కిటికీ. కోప్పడకుండా ఒకసారి చదువుకో, ఆదివారం ఫోన్ చేస్తా.

నీ
రవి